ఇంట్లో నల్లులు పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?

"మందు కొట్టించాం. పది రోజులు హాయిగా పడుకున్నాం. మళ్ళీ మొదలయ్యాయి. ఇంకా ఘాటు మందు ఏదైనా ఉందా?" నల్లుల గురించి నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఇదే. ఘాటు మందు గురించి ముందు ఆలోచన మానేయండి. మీ ఇంట్లో జరిగింది ఇది: మందుకు పెద్ద నల్లులు చచ్చాయి, గుడ్లు చావలేదు. మన వేడికి ఆ గుడ్లు ఆరు నుంచి పది రోజుల్లో పిల్లలవుతాయి. పదో రోజు రాత్రి మిమ్మల్ని కుట్టింది ఆ పిల్లలే.

మా ఇంట్లోకి మూడేళ్ళ కిందట అవి పెద్దబ్బాయి హాస్టల్ నుంచి తెచ్చుకున్న పరుపు చుట్టలో వచ్చాయి. పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు నా తప్పుల వల్లే వృథా అయ్యాయి. పడకగదిలో కుడుతున్నాయని పరుపు ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చాను. వారం తిరిగేసరికి సోఫాలో కూడా నల్లులే. మీకు ఆ రెండు నెలలు మిగలాలని ఇది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నల్లులు మురికి వల్ల రావు. వాటికి కావలసింది మన రక్తం, దాక్కోవడానికి ఒక సందు, అంతే. అద్దంలా ఉండే ఇంట్లోకి కూడా వస్తాయి. స్లీపర్ బస్సులో, రైలు బెర్తులో, సినిమా హాలు సీటులో, హాస్టల్ గదిలో సంచికి పట్టుకుని వస్తాయి. పాత మంచం, పాత సోఫా కొన్నా రావచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరినీ తిట్టకండి, ముఖ్యంగా పనిచేసే అమ్మాయి మీద నింద వేయకండి. సిగ్గుపడి దాచిపెట్టిన కొద్దీ అవి పెరుగుతాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

మంచి వెలుగున్న టార్చిలైటు, పాత ఏటీఎం కార్డు ఒకటి, వెడల్పు టేపు, గట్టి ప్లాస్టిక్ కవర్లు ఓ ఇరవై, స్క్రూడ్రైవర్, స్పానర్, ఎలక్ట్రిక్ కెటిల్ లేదా బట్టల స్టీమర్, ఇస్త్రీ పెట్టె, నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు మంచానికి నాలుగు చొప్పున, టాల్కం పౌడర్, లప్పం లేదా వైట్ సిమెంట్. వాక్యూమ్ క్లీనర్ ఉంటే పని తేలికవుతుంది, లేకపోయినా ఆగదు. జిప్పుతో పూర్తిగా మూసుకునే పరుపు కవరు మాత్రం కొనండి. ఈ మొత్తంలో డబ్బు పెట్టదగ్గ వస్తువు అదే.

ఇవి కాక ఒక క్యాలెండరు. ఈ రోజు పని మొదలుపెడితే పన్నెండో రోజు, ఇరవై నాలుగో రోజు ఇప్పుడే గుర్తు పెట్టండి. ఆ రెండు రోజులూ ఇదే పని మళ్ళీ చేయాలి, అంటే మొత్తం మూడు విడతలు. అప్పుడు ఊరి ప్రయాణాలు, పెళ్ళిళ్ళు లేకుండా చూసుకుని మొదలుపెట్టండి.

1. అవి నల్లులేనా? నిర్ధారించుకోండి

ఒంటి మీద దద్దుర్లు చూసి తేల్చలేం. దోమ కాటు, గజ్జి, చెమటకాయలు, అలర్జీ కూడా అలాగే కనిపిస్తాయి. పైగా ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి దద్దుర్లు వస్తాయి, మరొకరికి ఏమీ కనిపించదు. కొందరికి కాటు పడిన చాలా రోజులకు గానీ మచ్చ తేలదు. అందుకే ఒంటిని వదిలేసి మంచాన్ని వెతకండి.

టార్చి పట్టుకుని పరుపు అంచు కుట్టు మడత విప్పుతూ చుట్టూ చూడండి. తరవాత మంచం కోళ్ళు, పట్టెలు కలిసే చోట్లు, స్క్రూ కంతలు, ప్లైవుడ్ అంచులు, నులక మంచమైతే నులక ముడులు, పట్టె మంచమైతే నవారు మడతలు. దోమతెర కుట్టు అంచుల్ని చాలామంది మరిచిపోతారు. అక్కడా చూడండి. కనిపించాల్సినవి ఇవి:

పెద్ద నల్లి ఆపిల్ గింజంత ఉంటుంది, అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్లు. గోధుమ ఎరుపు, బల్లపరుపు ఒళ్ళు. రక్తం తాగాక పొడుగ్గా ఉబ్బుతుంది. ఎగరదు, దూకదు. పిల్ల నల్లి లేత పసుపు రంగులో, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. గుడ్డు తెల్లగా, మిల్లీమీటరంత, సందులో జిగురుతో అంటుకుని ఉంటుంది. ఇవి కాక పెన్ను సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు. తడి గుడ్డతో తుడిస్తే ఆ మచ్చ ఎర్రగా, గోధుమ రంగుగా పాకితే అది నల్లి రెట్టే. ఎండిపోయిన పొట్టులు కూడా ఉంటాయి, ఎందుకంటే ప్రతి నల్లీ పెద్దదయ్యేలోపు అయిదుసార్లు పొట్టు విడుస్తుంది.

దొరికిన పురుగును టేపుకు అంటించి దాచండి. బొద్దింక పిల్లల్ని చూసి నల్లులనుకునేవాళ్ళు ఉన్నారు. తెలిసినవాళ్ళకు చూపించడానికి ఆ టేపు పనికొస్తుంది.

2. గది మారకండి, సామాను కదపకండి

నేను చేసిన తప్పు ఇదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మన ఒంటి వేడి, మనం వదిలే ఊపిరి వాటిని పిలుస్తాయి. మీరు హాల్లో పడుకుంటే అవి హాల్లోకి వస్తాయి. ఇల్లు ఖాళీ చేసి నెల రోజులు ఊరెళ్ళినా లాభం లేదు. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మీరు తిరిగొచ్చిన రాత్రే బయటికి వస్తాయి.

శుభ్రం చేసిన మంచం మీదే, అదే గదిలో పడుకోండి. ఆ గదిలోంచి ఏ వస్తువు బయటికి వెళ్ళినా మూతి బిగించిన కవరులోనే వెళ్ళాలి.

3. బట్టలు, దుప్పట్లు

దుప్పట్లు, గలేబులు, బొంతలు, మంచం దగ్గర వేలాడే బట్టలు అన్నీ గదిలోనే కవర్లలో వేసి మూతి కట్టండి. తరవాత వేడి నీళ్ళు. వాషింగ్ మెషీన్లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే అది సరిపోతుంది. లేకపోతే బకెట్లో బట్టలు వేసి బాగా కాగిన నీళ్ళు పోసి అరగంట నానబెట్టి ఉతకండి. చల్లనీళ్ళు, సబ్బుపొడి వల్ల గుడ్లు చావవు. రంగు పోయే బట్టలను, ఉతకలేని వాటిని ఇస్త్రీ పెట్టెతో, ముఖ్యంగా కుట్లు, మడతలు, అంచుల మీద నెమ్మదిగా రుద్దండి.

బీరువాలోని పట్టుచీరలు చూసి టెన్షన్ పడకండి. మంచానికి దూరంగా, మూసి ఉన్న బీరువాలో నల్లులు చేరడం తక్కువ. ఒక్కో మడత విప్పి చూసి, ఏమీ లేకపోతే కవరులో పెట్టి మూసేయండి.

వేడి లెక్క ఇది: 48 డిగ్రీలు గంటన్నర పాటు తగిలితే గుడ్లతో సహా చస్తాయి. 50 దాటితే ఇంకా తొందరగా. మరి మన రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ చాలదా అంటే, సగమే నిజం. పరుపును డాబా మీద ఎండలో వేస్తే పైభాగం కాలుతుంది, నల్లులు చల్లగా ఉన్న అడుగు వైపుకు, లోపలి మడతల్లోకి జారుకుంటాయి. బట్టలకైతే పనిచేస్తుంది, కాకపోతే పద్ధతి ఉంది. నల్ల కవరులో పల్చగా పరిచి, మూతి కట్టి, పదకొండు నుంచి మూడు దాకా డాబా మీద ఉంచి, మధ్యలో తిప్పేయండి. తీసి చూస్తే లోపలి మడత కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. లేకపోతే ఆ ఎండ చాలలేదని అర్థం. వానాకాలంలో, చలికాలంలో ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

శుభ్రమైన బట్టలను కొత్త కవర్లలోనే ఉంచండి. పాత కవరులో తిరిగి పెట్టడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు.

4. మంచం విప్పండి

ఎక్కువ శ్రమ ఇక్కడే. సగం రోజు పెట్టుకోండి. పరుపు నిలబెట్టి, మంచాన్ని స్క్రూలతో సహా ఏ ముక్కకు ఆ ముక్క విప్పండి. కింద తెల్ల దుప్పటి పరిస్తే రాలినవి కనిపిస్తాయి.

ముందు గోకడం. పాత ఏటీఎం కార్డును సందులోకి దూర్చి గీకండి. గుడ్లు జిగురుతో అంటుకుని ఉంటాయి కాబట్టి వాక్యూమ్ ఒక్కదానితో రావు. గీకాక వాక్యూమ్ పట్టండి, లేకపోతే టేపుతో అద్దండి. వాక్యూమ్ సంచిని వెంటనే ఇంటి బయట కవరులో ఖాళీ చేసి మూతి కట్టేయండి. దాన్ని అలాగే లోపల వదిలేస్తే పాక్కుంటూ బయటికి వస్తాయి.

తరవాత వేడి. మన పెద్దవాళ్ళు మంచం బయట వేసి కోళ్ళ సందుల్లో మసిలే నీళ్ళు పోసేవాళ్ళు. ఆ పద్ధతికి ఇప్పటికీ సాటి లేదు. ఇనుప మంచానికి, నులక మంచానికి, గట్టి టేకు మంచానికి అది చాలు. కెటిల్ మంచం పక్కనే పెట్టుకోండి. వంటింట్లోంచి గిన్నెతో మోసుకొచ్చేలోపు నీళ్ళు చల్లారిపోతాయి, పైగా ఒంటి మీద పడే ప్రమాదం. సన్నటి ధారగా, సందులోకే దిగేలా పోయండి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. నవారును విప్పి నీళ్ళలో ఉడకబెట్టి ఆరేయండి.

ప్లైవుడ్ దివాన్ కాట్ మీద నీళ్ళు పోస్తే ఉబ్బిపోతుంది. దానికి స్టీమర్ వాడండి. మూతిని దాదాపు ఆనించి, జానెడు దూరానికి పది సెకన్లు పట్టేంత నెమ్మదిగా జరపండి. తొందరగా జరిపితే ఆవిరి గాలికి పిల్ల నల్లులు చెల్లాచెదురవుతాయి తప్ప చావవు.

దివాన్ లోపలి డబ్బాలో పాత పుస్తకాలు, అట్టపెట్టెలు కుక్కి ఉంటాయి చూడండి. మా ఇంట్లో నేను మొదటి రెండు విడతలూ దాన్ని వదిలేశాను. నాలుగు నెలలు పట్టడానికి అదీ ఒక కారణం. అట్టపెట్టెల్ని కవరులో మూటగట్టి బయట పారేయండి. పుస్తకాల బైండింగులు ఒక్కొక్కటీ చూడండి.

5. పరుపు

అంచు కుట్లు, బొత్తాల గుంటలు, చేతి పిడులు అన్నిటి మీదా స్టీమర్ పట్టండి. ఫ్యాను కింద పూర్తిగా ఆరాక జిప్పు కవరు తొడగండి. తడిగా ఉండగా తొడిగితే బూజు పడుతుంది. జిప్పు చివర టేపు వేయండి. ఏడాది దాకా ఆ కవరు తీయొద్దు. లోపల మిగిలినవి బయటికి రాలేక, తిండి లేక చస్తాయి.

బూరుగు దూది పరుపు, చినిగిపోయిన కొబ్బరి పీచు పరుపు మీద శ్రమ పెట్టడం దండగ. పారేసేయండి. అయితే గేటు బయట ఊరికే ఆనించి వదలకండి, దాన్ని అవసరం ఉన్నవాళ్ళు ఎవరో తీసుకెళ్తారు. కవరులో చుట్టి, కత్తితో కోసి, 'నల్లులున్నాయి' అని పెద్ద అక్షరాలతో రాసి చెత్తబండికి ఇవ్వండి. కొత్త పరుపు మాత్రం ఇప్పుడే కొనకండి. మూడు విడతలూ అయ్యాక కొనండి.

6. గోడలు, మిగతా గది

మంచానికి నాలుగడుగుల దూరంలో ఉన్నవన్నీ చూడండి. దేవుడి పటాల వెనక, క్యాలెండర్ వెనక, కర్టెన్ మడతల్లో, స్కర్టింగ్ టైలుకూ గోడకూ మధ్య, గోడలోని పాత మేకు కంతల్లో. కంతలను లప్పంతో పూడ్చేయండి. పదిహేను నిమిషాల పని, వాటి ఇళ్ళు శాశ్వతంగా మూసుకుపోతాయి.

స్విచ్‌బోర్డు విషయంలో జాగ్రత్త. నీళ్ళు, ఆవిరి, స్ప్రే ఏవీ వద్దు. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి విప్పి చూపించండి.

7. మంచాన్ని దీవిలా ఉంచండి

మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి అంచులు నేలకు తగలకూడదు, దోమతెర పరుపు కిందికి దోపాలి. ఒక్కో కోడు కింద ఒక్కో నున్నటి గిన్నె పెట్టండి. గిన్నె లోపలి గోడకు టాల్కం పౌడర్ పల్చగా రాయండి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఉష్ణమండలపు నల్లి నున్నటి ప్లాస్టిక్ కూడా ఎక్కగలదు. పౌడర్ ఉంటే కాళ్ళు జారి గిన్నెలోనే ఉండిపోతుంది.

నీళ్ళు పోయొచ్చా? పోయొచ్చు గానీ మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టవుతుంది. పాతకాలంలో పోసినట్టు కిరోసిన్ పోయకండి. పడకగదిలో నిప్పు ప్రమాదం కొని తెచ్చుకోవడమే.

8. మందు వాడాలనుకుంటే

పై పనులన్నీ అయ్యాకే మందు. చాలా చోట్ల నల్లులు మామూలు స్ప్రేలకు అలవాటు పడిపోయాయి. స్ప్రే ఎదురుగా కొట్టినా నడిచి వెళ్ళిపోతాయి.

నేను ముందు సలహా ఇచ్చేది డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్లపొడి. అది నల్లి ఒంటి మీది మైనం పొరను పాడుచేసి ఎండబెట్టి చంపుతుంది, కాబట్టి మందులకు అలవాటు పడిన నల్లి కూడా తప్పించుకోదు. పురుగుల మందుగా వాడొచ్చని లేబుల్ మీద ఉన్నదే కొనండి. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఫ్యాను ఆపి, పాత బ్రష్‌తో సందుల్లోకి కంటికి కనిపించీ కనిపించనంత పల్చగా రాయండి. కుప్పగా పోస్తే అవి చుట్టు తిరిగి వెళ్తాయి. పరుపు మీద చల్లొద్దు. ఫలితం కనిపించడానికి వారం, రెండు వారాలు పడుతుంది. వానాకాలంలో ఇంకా నెమ్మది.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. లైసెన్సు ఉందా? మందు పేరేమిటి, డబ్బా చూపిస్తారా? రెండోసారి ఎప్పుడొస్తారు? తరవాత గదిలోకి ఎన్ని గంటలకు వెళ్ళొచ్చు? "ఒక్కసారి చాలు, గ్యారంటీ" అన్నవాళ్ళను పంపించేయండి. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తరవాత పసుపు, తరవాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తున్న డబ్బా మీ పడకగదిలోకి రానివ్వకండి. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ రోజు వేరే ఇంటికి పంపండి. పంపేముందు వేడి నీళ్ళలో ఉతికిన బట్టలే కట్టుకుని వెళ్ళమనండి. చేపల తొట్టెను కప్పి, గాలి మోటారు ఆపండి.

ఈ కింది వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి.

ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. పక్క గదిలో, పై ఫ్లాటులో పడుకున్నవాళ్ళను కూడా చంపగలదు. మన దేశంలో ఇళ్ళలో ఈ మాత్రలు పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఎవరో పెట్టారని తెలిస్తే అందరినీ లేపి బయటికి తీసుకెళ్ళి, 108కి ఫోన్ చేయండి.

పొలం మందులు. అవి ఆరుబయట కొట్టడానికి చేసినవి, మూసిన గదికి కాదు. డైక్లోర్‌వాస్ అనే పురుగుమందును మన దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు. ఎక్కడైనా పాత సీసా మిగిలి ఉన్నా ముట్టుకోకండి.

పెట్రోలు, కిరోసిన్, స్పిరిట్ చల్లడం. వీటితో కాలిన ఇళ్ళున్నాయి.

గదంతా నిండే పొగ మందులు ప్రాణాల మీదికి తేకపోయినా పనికిరావు. పొగ సందుల్లోకి వెళ్ళదు, నల్లులే ఇంకా లోపలికి వెళ్తాయి. కర్పూరం, వేపాకు, చీమల చాక్‌పీసు మీద కాలం వృథా చేయకండి.

9. పన్నెండో రోజు, ఇరవై నాలుగో రోజు

ఒక్క కాటూ లేకపోయినా క్యాలెండర్లో రాసుకున్న రోజున మూడు నుంచి ఆరు దాకా ఉన్న పనులు మళ్ళీ చేయండి, తొడిగిన పరుపు కవరు మాత్రం విప్పకండి. మందు వాడి ఉంటే, దాని డబ్బా మీద రాసి ఉన్న మేరకు మళ్ళీ కొట్టించండి. పన్నెండో రోజుకు మొదటి గుడ్లు పిల్లలై ఉంటాయి. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి వేడిలో కూడా కొన్ని వారాలు కావాలి. ఈ మధ్యలో రెండుసార్లు దెబ్బ కొడితే గుడ్డు పెట్టే నల్లి మిగలదు. చలికాలంలో గుడ్లు పొదగడం ఆలస్యమవుతుంది కాబట్టి ముప్పై ఆరో రోజు నాలుగో విడత కూడా పెట్టుకోండి.

పని బాగా జరిగిందనిపించి రెండో విడత మానేయడం, నేను చూసినంతలో అందరూ చేసే తప్పు. మీకు ఓపిక ఒక్కరోజుకే ఉంటే, ఆ ఓపికను పన్నెండో రోజుకు దాచుకోమని చెబుతాను.

10. పోయాయని ఎలా తెలుస్తుంది?

ప్రతి ఆదివారం గిన్నెల్లో టార్చి వేసి చూడండి. ఏం దొరికింది, ఏ కోడు కింద దొరికిందో రాసుకోండి. గిన్నె బయటి వైపు దొరికితే గదిలోంచి వస్తున్నాయి, లోపల కోడు మొదట్లో దొరికితే మంచంలోనే ఇంకా ఉండొచ్చు. తెల్లటి దుప్పటి పరచండి, కొత్త చుక్కలు వెంటనే తెలుస్తాయి. పాత మచ్చల్ని మొదటి రోజే తుడిచేయండి, లేకపోతే కొత్తవేవో పాతవేవో తెలియదు.

వరసగా ఎనిమిది వారాలు గిన్నెలూ దుప్పటీ శుభ్రంగా ఉంటే పోయినట్టే. మూడు విడతల తరవాత కూడా వస్తుంటే మీరు చూడని చోటు ఒకటి ఉంది, లేదా పక్క ఫ్లాటు నుంచి వస్తున్నాయి. పక్కవాళ్ళతో మాట్లాడండి. ఒకేసారి రెండిళ్ళూ చేసుకోకపోతే తెగదు.

ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు కొన్ని వారాలు అనిపిస్తుంది. మా ఆవిడకు రెండు నెలలు అనిపించింది. అప్పుడు లేచి మందు కొట్టకండి, గిన్నెల్లో చూడండి. గిన్నె ఖాళీ అయితే పడుకోండి. నల్లుల వల్ల మనుషులకు జబ్బులు అంటుతాయని రుజువు లేదు. గోకి పుండు చేసుకుంటే మాత్రం చీము పడుతుంది. దురదకు క్యాలమైన్ లోషన్ రాయండి, పుండు పడితే డాక్టరుకు చూపించండి.

హాస్టల్లో ఉన్నవాళ్ళకు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకు

అమీర్‌పేటలోనో అశోక్‌నగర్‌లోనో హాస్టల్ గదిలో ఉంటే మీ ఒక్క మంచం చేసుకుని లాభం లేదు. గదిలోవాళ్ళందరూ కలిసి వార్డెన్‌ను అడగండి. అది జరిగేలోపు సంచిని మంచం కింద పెట్టకుండా మూతి కట్టిన కవరులో ఉంచండి. జిప్పు పరుపు కవరు, నాలుగు గిన్నెలు మీ చేతిలో ఉన్న పనులు.

అమెరికాలో చదువుకునే మన పిల్లలు చాలామంది రోడ్డు పక్కన వదిలేసిన పరుపులు, సోఫాలు తెచ్చుకుంటారు. వద్దు. నల్లులు కనిపిస్తే అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఆ రోజే ఈమెయిల్ పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోకండి. అక్కడ మీకున్న వీలు డ్రయర్. ఆరిన బట్టలైనా సరే, ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి.

పిల్లలు సెలవులకు ఇంటికొచ్చిన రోజు సంచిని లోపలికి తేకండి. బాల్కనీలోనే విప్పించి, బట్టలు నేరుగా కాగిన నీళ్ళలో వేయించండి. ఖాళీ సంచి కుట్లలో, చక్రాల సందుల్లో టార్చి వేసి చూసి, నల్ల కవరులో బిగించి ఎండలో పెట్టండి. పరుపు చుట్ట తెచ్చుకుంటే గడప దాటనివ్వకండి.